పుప్పొడి పువ్వులో ఎక్కడ, ఎప్పుడు తయారవుతుంది?

ప్రశ్న:
మందార పువ్వు విచ్చుకున్నాక కేసరాల కొసన పసుపురంగు పొడి స్పష్టంగా కనిపిస్తుంది. అది కేసరం కొసనున్న చిన్న తిత్తి, అంటే పరాగకోశం, పైపొర మీదే పుడుతుందా, లేక లోపల పుట్టి బయటికి వస్తుందా? మరునాడు విచ్చుకోబోయే మొగ్గను చీల్చి చూస్తే, పరాగకోశాలు నున్నగా మూసుకొని ఉన్నాయి, పొడి జాడే లేదు. అంటే పువ్వు విచ్చుకున్న తరువాతే పుప్పొడి తయారవుతుందని అనుకోవచ్చునా?

సమాధానం 1:
అలా అనుకోకూడదండి. పుప్పొడి తయారయ్యేది పరాగకోశం లోపలే, అదీ మొగ్గ దశలోనే. చాలా మొక్కల్లో పరాగకోశానికి రెండు తమ్మెలు, తమ్మెకు రెండేసి చొప్పున 4 సూక్ష్మసిద్ధబీజాశయాలు (పుప్పొడి తయారయ్యే సంచులు) ఉంటాయి. వాటిలోని ఒక్కొక్క మాతృకణం క్షయకరణ విభజన చెంది, సగం క్రోమోసోములు గల 4 సూక్ష్మసిద్ధబీజాలను ఇస్తుంది. ఇవి కొంతకాలం కాలోజ్ అనే పొరలో ఒకే గుంపుగా ఉండి, ఆ పొర కరిగాక విడిపోయి, పుప్పొడి రేణువులుగా ఎదుగుతాయి. అలాంటి మొగ్గలోని పరాగకోశాన్ని ఈసారి సూదిమొనతో చీల్చి, భూతద్దంతో చూడండి; రేణువులు లోపల కిక్కిరిసి ఉంటాయి.

సమాధానం 2:
వివరణ సరైనదే గాని, 4 సూక్ష్మసిద్ధబీజాశయాలు అన్న లెక్క మందారానికి వర్తించదు. ఆ కుటుంబంలో పరాగకోశానికి ఒకే తమ్మె, అందులో 2 సూక్ష్మసిద్ధబీజాశయాలు ఉంటాయి. ఇక టపెటం ప్రస్తావన లేకుండా ఈ విషయం పూర్తి కాదు. పరాగకోశపు గోడలో అన్నిటికన్నా లోపలి పొర అది. ఎదిగే రేణువులకు పోషకాలు అందించేది, కాలోజ్‌ను కరిగించే ఎంజైమును స్రవించేది, రేణువు బాహ్యకవచంలోని స్పోరోపొలెనిన్ అనే గట్టి పదార్థానికి ముడిపదార్థాలు సమకూర్చేది ఆ పొరే. స్పోరోపొలెనిన్ గాఢ ఆమ్లాలకు సైతం లొంగదు. లక్షల ఏళ్లనాటి పుప్పొడి శిలాజాలు ఈనాటికీ దొరకడానికి కారణం అదే. టపెటం వేళకు ముందే క్షీణిస్తే, మాతృకణాలు ఆరోగ్యంగా ఉన్నా పుప్పొడి గొడ్డుబోతుంది. నా దృష్టిలో పాఠాలు ఈ పొరకు ఇవ్వవలసినంత చోటు ఇవ్వడం లేదు.

సమాధానం 3:
పొడి బయట కనిపించడానికి కారణం కూడా చెప్పాలి. బాహ్యచర్మం కింద ఎండోథీసియం అనే పొర ఉంటుంది. పక్వమైన పరాగకోశం తేమ కోల్పోయేటప్పుడు ఈ పొర కణాలు తమ గోడల్లోని మందమైన పట్టీల వల్ల అన్ని వైపులా ఒకేలా కుంచించుకోలేవు. ఆ లాగుడుకు, పలచబడిన గీత వెంట కోశం చీలి, రేణువులు బయటపడతాయి. ప్రశ్న అడిగినవారు చూసిన పసుపు పొడి ఇలా వెలువడినదే. అయితే పరాగకోశం తెరుచుకునే తీరు అన్ని మొక్కల్లో ఒకటి కాదు: వంగలో పరాగకోశం కొసన ఉన్న రంధ్రాల గుండా పుప్పొడి వస్తుంది, తుమ్మెదల వంటి కొన్ని కీటకాలు పువ్వును పట్టుకొని రెక్కల కండరాలను కంపింపజేసి దాన్ని రాలుస్తాయి.