డెర్బీలో ఒక్కటే రోజు ఉంది, ఏ పాత బంగళా చూడాలి?

నల్లగొండ_మాస్టారు:
అందరికీ నమస్తే. జూన్‌లో నేనూ మా ఆవిడా బిడ్డ దగ్గరికి ఇంగ్లండ్ పోతున్నాం, వాళ్లుండేది డెర్బీలో. అల్లుడికి దొరికే సెలవు ఒక్క శనివారమే, ఆ రోజు పాతకాలపు దొరల బంగళా చూపిస్తామంటున్నారు. చాట్స్‌వర్త్ ఒకటి, కెడిల్‌స్టన్ హాల్ ఒకటి, రెండూ ఆ జిల్లాలోనేనట, బిడ్డేమో పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చూసేద్దామంటోంది. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. నేను ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ణి, షాండ్లియర్లు చూసి ఫొటోలు దిగి రావడం కాకుండా మనకు సంబంధించినదేదైనా ఉంటే దాని ముందు కాసేపు నిలబడాలని ఉంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

పాలమూరు_లెస్టర్:
సార్, రెండూ ఒకే రోజు పెట్టుకోకండి. చాట్స్‌వర్త్‌లో ఒక్క తోటే 105 ఎకరాలు, అమ్మకు చాలా కష్టం. మీకైతే కెడిల్‌స్టనే. డెర్బీ నుంచి కారులో ఇరవై నిమిషాలు కూడా పట్టదు. అది కర్జన్‌ల ఇల్లు, అంటే మీరు పాఠం చెప్పిన 1905 బెంగాల్ విభజన చేసిన వైస్రాయ్ లార్డ్ కర్జన్ పుట్టిన ఇల్లు. ఇంకో సంగతి, 1902లో హైదరాబాద్ వచ్చి నిజాం చేత బేరార్‌ను (ఇప్పటి మహారాష్ట్రలోని విదర్భ వైపు ప్రాంతం) ఏడాదికి 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుగా రాయించుకున్నది ఈయనే. ఆ నిజాం మహబూబ్ అలీ ఖాన్, మా మహబూబ్‌నగర్ జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆయనే! అది తెలిశాక ఆ గదుల్లో నాకు మామూలుగా తిరగబుద్ధి కాలేదు, ప్రతి వస్తువు దగ్గరా ఇది ఎక్కడి నుంచి వచ్చింది అని అడుగుతూనే ఉన్నా.
నేను డిప్లొమా చేసింది వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో ఉన్న పాలిటెక్నిక్‌లో, కాబట్టి పెద్ద భవనాలు కొత్తేం కాదు. అయినా అక్కడి మార్బుల్ హాల్‌లో అడుగు పెట్టగానే ఆగిపోయా. 20 అలబాస్టర్ (పాలరాయిలా ఉండే మెత్తటి రాయి) స్తంభాలు, ఒక్కోటి 25 అడుగులు, గులాబీ, గోధుమ రంగు చారలతో.
అమ్మ కోసం ఒక మాట. కొన్ని కుర్చీల మీద ఎండిన ముళ్లకాయ పెట్టి ఉంటుంది, అంటే కూర్చోవద్దని. గదుల్లో ఉండే వాలంటీర్లను అడిగితే కూర్చునే చోటు చూపిస్తారు, ఓపిగ్గా కథలు కూడా చెబుతారు. ఇల్లు ఏ రోజుల్లో తెరుస్తారో ముందే వెబ్‌సైట్‌లో చూసుకోండి, పార్కు తెరిచి ఉండి ఇల్లు మూసి ఉండే రోజులుంటాయి.

పుట్టపాక_మగ్గం:
మాస్టారూ, అక్కడ కర్జన్ ఆసియా నుంచి పోగేసిన వస్తువులతో ఒక మ్యూజియం ఉంది, అందులో నెమలి గౌను చూడకుండా రావద్దు. 1903 ఢిల్లీ దర్బారు, అంటే బ్రిటిష్ రాజు పట్టాభిషేకం పేరిట జరిపిన వేడుకల్లో, బాల్ డ్యాన్స్ రాత్రి ఆయన భార్య మేరీ వేసుకున్నది. బట్టంతా నెమలి ఈకల మీద ఈకలు పేర్చినట్టు జరీ పని, మన దేశంలో జర్దోజీ పనివాళ్లు కుట్టి పంపితే ప్యారిస్‌లో గౌనుగా కుట్టారు. ఈక మధ్య కన్ను ఆకుపచ్చగా మెరుస్తుంటే మొదట పచ్చలేమో అనుకున్నా, కాదు, అవి పురుగుల రెక్కలు! ఒక్కో రెక్కనూ చిట్లకుండా సూది దింపి బట్టకు కుట్టారు. బరువు నాలుగు కిలోల పైనే. మాది మూడు తరాల మగ్గం ఇల్లు, తేలియా రుమాలు నేసే చేతులు మావి, ఆ కుట్టు ముందు అరగంట నిలబడ్డా. వేసుకున్నావిడ పేరు లోకమంతా తెలుసు, కుట్టిన వాళ్లందరి పేర్లు ఎవరు రాసిపెట్టారు? మీరు పోయినప్పుడు ఆ కుట్టు దగ్గరగా చూడండి. వెలుతురు తక్కువగా ఉంటుంది, బట్ట పాడవకుండా అలా ఉంచుతారు, కళ్లద్దాలు మరిచిపోకండి.

కొల్లాపూర్_అక్క:
అన్నా, ఇంటి పక్కనే ఉన్న చర్చి కూడా చూడండి. ఆ చుట్టుపక్కల ఒకప్పుడు ఊరుండేది. కొత్త బంగళాకు, పార్కుకు అడ్డమని ఊరు మొత్తాన్ని దూరంగా జరిపారు, చర్చి ఒక్కటే మిగిలింది. మా అమ్మమ్మ వాళ్ల ఊరు శ్రీశైలం ముంపులో పోయింది, ఆ సంగతి విన్నప్పుడు నాకు కాళ్లు కదలలేదు. అదే ముంపులో పోవాల్సిన కూడవెల్లి గుడినైతే రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి మళ్లీ కట్టారు, ఇళ్లకు ఆ భాగ్యం లేదు కదా. చర్చి లోపల కర్జన్, మేరీల పాలరాతి సమాధి ఉంది. బయట పచ్చికలో కూర్చుని సద్ది తినొచ్చు, మేం పులిహోర, సర్వపిండి కట్టుకుపోయాం.

నల్లగొండ_మాస్టారు:
అందరికీ చాలా థాంక్స్. కెడిల్‌స్టనే ఖాయం చేశాం, బిడ్డ కూడా ఒప్పుకుంది. కలకత్తాలో ఇదివరకు రాజ్‌భవన్ అని పిలిచిన గవర్నర్ బంగళాను ఈ ఇంటి నమూనాలోనే కట్టారని చదివి ఉన్నాను, ఒకసారి స్కూల్ టూర్‌లో పిల్లలకు దాన్ని గేటు బయటి నుంచే చూపించాను. ఇప్పుడు అసలు ఇంటికే పోతున్నా. అక్కా, సర్వపిండి రాత్రే చేసి పెట్టుకుంటే మధ్యాహ్నానికి గట్టిపడదా? మా ఆవిడ అడుగుతోంది.

కొల్లాపూర్_అక్క:
కొంచెం పల్చగా ఒత్తి, నువ్వులు ఎక్కువ వేయమను అన్నా. మాది సాయంత్రం దాకా బాగానే ఉంది.