కప్పదాటా, మండూకప్లుతా?

పాతసంచి:
వారం నుంచి ఒక మాట నోట్లో నానుతోంది, పూర్తిగా బయటికి రావడం లేదు. పాణిని వ్యాకరణ సూత్రంలోని పదం నడుమ నాలుగైదు సూత్రాలను వదిలేసి అవతలెక్కడో వాలుతుంది కదా, దానికి కప్ప పేరుతో ఒక న్యాయం ఉంది. మండూకప్లుతి అనా, మండూకప్లుతం అనా? కప్పల జీనోములు (కణంలోని డీఎన్ఏ మొత్తం) ఎలా పెరిగాయో చెప్పే వ్యాసం తెలుగు చేస్తున్నాను. ట్రాన్స్‌పోజాన్లకు, అంటే జీనోములో ఒకచోటి నుంచి మరోచోటికి దూకే డీఎన్ఏ ముక్కలకు, ఈ పేరైతే బాగుంటుందని ఆశ.

లఘువు:
ప్లుతి. ప్లుతం మూడు మాత్రల అచ్చు, అది కోడి సొత్తు. అచ్చుల పొడవును కోడి కూతతో చెప్పే ‘ఊకాలోఽజ్’ సూత్రం గుర్తుందిగా: కు, కూ, కూూూ. దాన్ని కప్పకు అంటగట్టకండి.

గురువు:
రెండూ ‘ప్లు’ ధాతువు పిల్లలే. అమరకోశంలో గుర్రపు నడకలు చూడండి, ఐదోది ప్లుతం. గుర్రానికి ఉన్నది కప్పకు ఎందుకుండదు?

లఘువు:
అక్కడున్నది గుర్రం అండీ.

తాటిముంజ:
తెలుగులో ‘కప్పదాటు’ ఉండగా ఈ గొడవెందుకు?

లఘువు:
కప్పదాటు జవాబంటే తప్పించుకునే జవాబు. ‘కప్పదాటు జన్యువు’ అంటే అసెంబ్లీలో లేచి నిలబడ్డ మంత్రిలా ఉంటుంది.

తాటిముంజ:
మా వైపు ఆవును ఎద్దుకు ‘దాటిస్తారు’. సంతతి పెరగడానికే. దాటులోనే పెరుగుదల ఉంది, ఆలోచించండి.

జొన్నకంకి:
ఇకారం సంగతి తర్వాత. అసలు పోలిక కుదిరిందా? అనువృత్తిలో, అంటే పదం ఇలా తర్వాతి సూత్రాలకూ సాగడంలో, అది పాత సూత్రంలో ఉంటూనే కొత్తదానిలోకి వస్తుంది. అంటే నకలు. రెట్రోట్రాన్స్‌పోజాన్లు చేసేది అదే: ఆర్ఎన్ఏ నకలు తీసి, దాన్ని డీఎన్ఏగా తిప్పి వేరేచోట అతికిస్తాయి, అసలుది కదలదు. మన జీనోములో ఎక్కువగా ఉన్నవి ఇవే. డీఎన్ఏ ట్రాన్స్‌పోజాన్లు మాత్రం ఉన్నచోటు నుంచి తెగి పోతాయి, అచ్చం కప్పలా. 2010లో జీనోము వెలువడిన ఆఫ్రికా కప్ప జెనోపస్ ట్రాపికాలిస్‌లో ఈ రెండో రకానిదే పైచేయి.

గురువు:
తెగిపోతే జీనోము పెరగడమేమిటి? గట్టు మీది కప్ప చెరువులో దూకితే రెండు కప్పలవుతాయా?

జొన్నకంకి:
ఒక్కోసారి అవుతాయి. కణం డీఎన్ఏను రెట్టింపు చేసుకునే వేళ, నకలు అయిపోయిన చోటు నుంచి ఇంకా కాని చోటికి దూకిందంటే అక్కడ మళ్లీ నకలవుతుంది. లేదా అది తెగిన ఖాళీని కణమే జంట పోగును చూసి పూడ్చేస్తుంది. గట్టు మీద మళ్లీ కప్ప!
మధ్య అమెరికాలోని స్ట్రాబెర్రీ విషపు కప్పను చూడండి. 2018 లెక్క ప్రకారం దాని జీనోము 676 కోట్ల అక్షరాలు, అందులో 476 కోట్లు పదేపదే వచ్చే ముక్కలే. జిప్సీ అనే రెట్రో రకం ఒక్కటే కనీసం 100 కోట్లు. మనిషి మొత్తం కలిపి 310 కోట్లు.

తాటిముంజ:
చెరువు తెప్పలుగ నిండితే పదివేల కప్పలు చేరతాయని బద్దెన ఎప్పుడో చెప్పాడు.

లఘువు:
బద్దెన కప్పలు చెరువు ఎండితే పోతాయి. ఇవి పోవే! పైగా ఆ ‘తెప్పలుగ’ను చాలామంది పడవ తెప్పకు ముడిపెడతారు. విస్తారంగా అని అర్థం.

జొన్నకంకి:
తక్కువగా ఉన్న కప్పలూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలో నేలలో దూరి బతికే ఒక కప్ప జీనోము సుమారు 106 కోట్లే, 2021లో తేలింది. అందులో ఈ ముక్కలూ తక్కువే, ఇంట్రాన్లూ (జన్యువు నడుమ ఉండి, ఆర్ఎన్ఏ నుంచి కత్తిరించి పారేసే భాగాలు) పొట్టివే.

గురువు:
తెప్పలు తేలేంతగా నిండటం కూడా విస్తారమే కదా, లఘువు గారూ.

లఘువు:
కాదు. ఆ తెప్ప వేరు, ఈ తెప్ప వేరు.

పాతసంచి:
వ్యాసం రేపు పొద్దున్నకల్లా పంపాలి, నాకు టెన్షన్‌గా ఉంది. ప్లుతి అని రాసేయనా?

జొన్నకంకి:
రెట్రో వాటికైతే రాయండి. తెగి దూకేవాటికి రాయకండి.

గురువు:
ప్లుతం.

తాటిముంజ:
ఇంతకీ ‘తెప్పలుగ’ చెరువుకా, కప్పలకా?