బిల్లులో పడని నెయ్యి డబ్బా: వెనక్కెళ్లి కట్టాలా, వదిలేయాలా?

కూకట్‌పల్లి వాసి:
ఆదివారం మా దగ్గరి సూపర్‌మార్కెట్‌లో నెల సరుకులు తెచ్చాం. ఇంటికొచ్చాక మా ఆవిడ అలవాటు ప్రకారం బిల్లు పట్టుకుని ఒక్కో సరుకుకీ టిక్కు పెట్టుకుంటూ పోయింది. లీటరు నెయ్యి డబ్బాలు రెండు తెస్తే బిల్లులో ఒకటే పడింది. డబ్బా 640 రూపాయలు. అదే బిల్లులో కందిపప్పు, ర్యాకు మీద చీటీలో 189 అని ఉంటే 205 కొట్టారు. అంటే మాకు 16 బొక్క, వాళ్లకి 640 బొక్క.

ఆవిడేమో వెళ్లి కట్టేసి రమ్మంటోంది. మా బావమరిది "పప్పులో నీకు వేసింది ఇంటికొచ్చి ఇచ్చారా బావా" అని నవ్వుతున్నాడు. నాకు కట్టాలనే ఉంది కానీ, వాడి మాట కూడా తీసిపారేసేలా లేదు. మీరైతే ఏం చేస్తారు?

సీమ కుర్రాడు:
వదిలేయండన్నా. కొట్టేసుకుని రాలేదు కదా. రెండు డబ్బాలూ కౌంటరు మీద అందరికీ కనబడేలాగే పెట్టారు. బిల్లు వేయడం వాళ్ల పని, గేటు దగ్గర సెక్యూరిటీ అతను బిల్లు చూసి ముద్ర కొట్టి పంపడం కూడా వాళ్ల పనే. ఇద్దరు చూసి పంపించిన దానికి మీకెందుకు టెన్షన్? పైగా పోయేవీ, పాడయ్యేవీ, దొంగలెత్తుకెళ్లేవీ అన్నీ లెక్కేసుకునే పెద్ద కొట్లవాళ్లు రేట్లు పెడతారు. ఆ నెయ్యి డబ్బులు మనం ఎప్పుడో కట్టేశాం. క్యారీ బ్యాగుకి కూడా డబ్బులు గుంజేవాళ్ల మీద జాలేంటి?

అదే వీధి చివర సెట్టిగారి కొట్టయితే వెంటనే వెళ్లి ఇచ్చి రమ్మనేవాణ్ణి.

గోదారోడు:
నేను ఆ వీధి చివర సెట్టిగారి బాపతేనండి. కాకినాడ పక్కన మాది కిరాణా కొట్టు. చిన్న కొట్టుకైతే ఇస్తా, పెద్ద కొట్టుకైతే ఇవ్వను అంటున్నారు కదా, ఎక్కడ గీత గీస్తారు? మా ఊళ్లో నన్నే పెద్దవాణ్ణనుకునేవాళ్లు బోలెడుమంది. "మేడ మీద మేడ లేపాడు, వీడికేం తక్కువ" అంటారు. చిల్లర ఎక్కువొస్తే ఆ మాటే అనుకుని జేబులో వేసుకుంటారు.

నెయ్యి లాంటి కంపెనీ సరుకు మీద నాకు వందకి పది మిగిలితే గొప్ప. 640 డబ్బా ఒకటి ఊరికే పోతే నా పెట్టుబడి 576 పోయినట్టు. అది పూడాలంటే ఇంకో తొమ్మిది డబ్బాలు లాభం లేకుండా అమ్మాలి. పెద్ద కొట్లకి సరుకు నాకంటే తక్కువకి పడుద్ది, ఒప్పుకుంటాను. లెక్క కొంచెం మారుద్ది, అంతేగానీ పోయింది పోకుండా ఉండదు.

రేట్లలో కలిపేసుకుంటారన్నది నిజమే. కానీ ఆ భారం ఓనరు మీద పడదు బాబూ, తర్వాత కొనేవాడి మీద పడుద్ది. అంటే మీ నెయ్యికి ఇంకెవరో కడుతున్నారు.

పాత క్యాషియర్:
ఇక్కడందరూ ఒకే గాటన కట్టి మాట్లాడుతున్నారు. కౌంటర్లో కూర్చున్న మనిషికి ఏ పొరపాటు ఎలా తగులుతుందో చెప్తాను.

మీకు చిల్లర ఎక్కువ ఇచ్చారనుకోండి. రాత్రి కౌంటరు మూసేటప్పుడు డ్రాయర్‌లో ఉన్న నోట్లు, సిస్టమ్ చూపించే క్యాష్ టాలీ కావాలి. 400 తగ్గితే ఆ షిఫ్టులో అక్కడ కూర్చున్న పిల్ల ఎవరో అందరికీ తెలుసు. సూపర్‌వైజర్ ముందు నిలబడేది ఆమె. చాలాచోట్ల చేతి నుంచి కట్టేదీ ఆమే. డ్రాయర్ రెండోసారి లెక్కపెడుతున్నప్పుడు ఆ పిల్ల మొహం చూస్తే, చిల్లర ఎక్కువొచ్చిందని తెలిసీ ఎవరూ ఊరుకోలేరు.

మీ నెయ్యి సంగతి వేరు. స్కాన్ చేయలేదు కాబట్టి సిస్టమ్ ఆ డబ్బు అడగదు, డ్రాయర్ సరిగ్గా సరిపోతుంది. ఎప్పుడో స్టాకు లెక్కపెట్టినప్పుడు ఒక డబ్బా తక్కువని తేలుతుంది. అప్పటికి అది దొంగతనమో, లారీలోనే తక్కువొచ్చిందో, ఎలుక కొరికితే పారేశారో ఎవరూ చెప్పలేరు. అన్నీ కలిపి షార్టేజీ కింద రాసేస్తారు.

మూడో రకం లూజు సరుకు. తూకం దగ్గర జీడిపప్పుకి వేరుశనగ కోడ్ కొడితే జీడిపప్పు స్టాకు తగ్గుతుంది, వేరుశనగ మిగులుతుంది. రెండూ పక్కపక్కన చూస్తే ఆడిటర్‌కి ఇట్టే అర్థమైపోతుంది, ఆ స్టిక్కర్ తీసిన మనిషి దొరుకుతుంది.

కాబట్టి "పాపం క్యాషియర్ జీతంలో కోస్తారు" అని వాట్సాప్‌లో తిరిగే కథ అన్నిటికీ వర్తించదు.

సీమ కుర్రాడు:
ఇప్పుడు లోపలి మనిషే చెప్పింది కదా, ఎవరి జీతమూ పోదని. ఇంకేం, గారెలు వేయించుకోండన్నా.

నల్లకోటు:
గారెలకి ముందు ఒక మాట. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చాలా చిన్నది. పొరపాటున గానీ, బలవంతం వల్ల గానీ ఎవరికైనా డబ్బు చెల్లించినా, వస్తువు ఇచ్చినా, అందుకున్నవాళ్లు తిరిగి ఇచ్చేయాలి. అంతే. ఇచ్చినవాడు పెద్దవాడా చిన్నవాడా, పొరపాటు ఎవరిది అన్న ప్రసక్తే అందులో లేదు. నెయ్యి డబ్బా అక్షరాలా ఈ కోవలోకే వస్తుంది.

క్రిమినల్ చట్టంలోనూ ఒక సెక్షన్ ఉంది. పాత ఐపీసీలో 403, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 314. ఇతరుల వస్తువును దురుద్దేశంతో సొంతం చేసుకోవడం. తీసుకున్నప్పుడు మనదే అనుకున్నా, మనది కాదని తెలిశాక ఉంచేసుకుంటే తప్పేనని చట్టం తానే ఉదాహరణ ఇచ్చి మరీ చెప్పింది. సీమ తమ్ముడి "కొట్టేసుకుని రాలేదు కదా" అన్న వాదన దొంగతనం కేసుకి పనికొస్తుంది, దీనికి కాదు. ఆదివారం సాయంత్రం వరకూ కూకట్‌పల్లి అన్నకి తెలియదు, నిజం. వాళ్లావిడ టిక్కు పెట్టిన క్షణం నుంచీ తెలుసు.

క్యాషియర్ల విషయం. జీతంలో కోయడం కూడా ఇష్టమొచ్చినట్టు కుదరదు. ఉద్యోగి నిర్లక్ష్యం వల్లే నష్టం జరిగిందని తేలాలి, ముందు సంజాయిషీ చెప్పుకోనివ్వాలి అని 1936 నాటి వేతన చెల్లింపు చట్టం చెప్పింది, దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్ కూడా అదే చెప్తోంది. కాగితం మీద మాట అనుకోండి.

సీమ కుర్రాడు:
నెయ్యి డబ్బాకి జైలా సార్! ఏ స్టేషన్లో ఎఫ్ఐఆర్ రాస్తారో చెప్పండి, వచ్చి చూస్తా.

నల్లకోటు:
ఎవరూ రాయరు. నేనూ రాయమనను. "చట్టం నా వైపే ఉంది" అని మాత్రం అనకు, అంతవరకే.

వరంగల్ పిల్ల:
2021లో బీహార్ ఖగారియాలో ఒకాయన ఖాతాలో గ్రామీణ బ్యాంకు వాళ్ల పొరపాటు వల్ల అయిదున్నర లక్షలు పడ్డాయి. మోదీ పంపిన 15 లక్షల్లో మొదటి విడత అనుకున్నా అని చెప్పి ఖర్చు పెట్టేశాడు. అరెస్టు చేశారు. సీమ అన్నా, నువ్వు ఆయనకి చుట్టానివా ఏంది?

నాదొక డౌట్. నెయ్యి బిల్లులో పడలేదు, సరే. కానీ ఆన్‌లైన్‌లో 20 వేల ఫోన్ రేటు తప్పుగా 2 వేలని పెడితే? అది మనం దాచిపెట్టింది కాదు, వాళ్లే ప్రకటించిన రేటు. ఆర్డర్ పెట్టాక క్యాన్సిల్ చేస్తే మనమే కేసు వేయాలి కదా?

నల్లకోటు:
మంచి ప్రశ్నమ్మా. ఇది నెయ్యి కన్నా చిక్కుది. ఒక వైపు వాడు మాత్రమే పొరపాటు పడ్డాడన్న కారణానికే ఒప్పందం రద్దు కాదని మన కాంట్రాక్టు చట్టం 22వ సెక్షన్‌లో ఉంది. అంటే అమ్మేవాడు "అయ్యో, తప్పు వేశాను" అంటే సరిపోదు. కానీ ఎదుటివాడి పొరపాటు తెలిసీ ఎగబడితే కోర్టులు వేరేగా చూశాయి.

సింగపూర్‌లో 2003 జనవరిలో ఒక వెబ్‌సైట్‌లో 3,854 డాలర్ల హెచ్‌పీ లేజర్ ప్రింటరు 66 డాలర్లకి కనిపించింది. ఆరుగురు స్నేహితులు అర్ధరాత్రి దాటాక ఒకరికొకరు కబురు చెప్పుకుని, మొత్తం 1,606 ప్రింటర్లు ఆర్డర్ పెట్టారు. ఇంట్లో వాడుకోవడానికి కాదుగా! కంపెనీ ఇవ్వనంది, వాళ్లు కోర్టుకెక్కారు. ఆ రేటు పొరపాటని వాళ్లకి తెలుసు కాబట్టి ఒప్పందమే చెల్లదని హైకోర్టు 2004లో, అప్పీలు కోర్టు 2005లో తేల్చేశాయి. మన దేశపు తీర్పు కాదు, కానీ తర్కం మనకీ అర్థమయ్యేదే.

దీనికి పూర్తిగా తిరగేసిన ముచ్చట 2019 జులైది. అమెజాన్ ప్రైమ్ డేలో 13 వేల డాలర్ల కెమెరా లెన్సు 94 డాలర్లకి పడింది. కొన్నవాళ్లకి కంపెనీ ఆ రేటుకే పంపించింది. ఇవ్వాలనుకుంటే ఇవ్వచ్చు, అది వాళ్ల ఇష్టం. కొన్నవాడి తప్పేమీ లేదు, ఎందుకంటే రేటు తప్పో ఆఫరో తేల్చుకునే అవకాశం అమ్మేవాడి చేతిలోనే ఉంది. నెయ్యి విషయంలో అమ్మేవాడికి తెలిసే దారే లేదు. తెలిసింది కూకట్‌పల్లి అన్నకి, ఆయన ఇంట్లోవాళ్లకి మాత్రమే.

డెట్రాయిట్ నుంచి:
ఇక్కడ మిషిగన్‌లో స్కానర్ చట్టం అని ఒకటుంది. ర్యాకు మీద ఉన్న ధర కన్నా బిల్లులో ఎక్కువ పడితే, తేడా తిరిగివ్వడమే కాకుండా ఆ తేడాకి పది రెట్లు పరిహారం అడగొచ్చు, దానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. మన తెలుగువాళ్లు ఆ పరిహారం వదలరు, వదలకూడదు కూడా. కానీ అదే మనుషులు ట్రాలీ అడుగున పెట్టిన నీళ్ల బాటిళ్ల కేసు స్కాన్ కాకపోతే మాత్రం చడీచప్పుడు లేకుండా కారెక్కించేస్తారు. ఇందులో చట్టం కన్నా అలవాటే ఎక్కువ.

ఇంకోటి, "అమెరికాలో అడగకుండా వచ్చిన పార్శిల్ మనదే" అని చాలామంది చెప్తారు. ఆ రూలు పెట్టింది ఆర్డర్ చేయని వస్తువు పంపించి తర్వాత డబ్బులు కట్టమని బెదిరించే వ్యాపారుల కోసం. ఒక మిక్సీ ఆర్డర్ పెడితే రెండొచ్చినప్పుడు దాన్ని అడ్డం పెట్టుకోవడం నాకు నచ్చదు.

సీమ కుర్రాడు:
సరే, అందరూ నా మీదే పడ్డారు. చట్టం వదిలేయండి. నా అసలు బాధ పదహారు రూపాయలు. ఒక్క బిల్లులో 16 అంటే రోజుకి ఎన్ని బిల్లులు? మనం 640 కట్టడానికి వెళ్తే మెచ్చుకుంటారు, 16 అడిగితే "చీటీ మార్చలేదు సార్" అంటారు. ఎప్పుడు చూసినా నిజాయితీగా ఉండాల్సింది మనమేనా?

గోదారోడు:
ఈ మాటకి మాత్రం ఓటేస్తానండి. చీటీ మార్చకపోవడం నిజంగానే జరుగుద్ది, మా కొట్లో చీటీలే లేవు కాబట్టి మా గొడవ వేరు. కానీ ఎన్ని ఫిర్యాదులొచ్చినా మారకుండా ఉంటే అది పొరపాటు కాదు, వ్యాపారం.

నల్లకోటు:
దానికీ దారి ఉంది. ఎమ్మార్పీ దాటి వసూలు చేస్తే తూనికలు కొలతల శాఖ. ఎమ్మార్పీ లోపలే ఉన్నా ర్యాకు మీద ఒకటి, బిల్లులో ఒకటి అయితే వినియోగదారుల కమిషన్. ముందు 1915కి ఫోన్ చేసినా చాలు. క్యారీ బ్యాగు అన్నావు కదా తమ్ముడూ, 2019లో చండీగఢ్ వినియోగదారుల ఫోరం మూడు రూపాయల సంచికి ఒక చెప్పుల కంపెనీ చేత 9 వేలు కట్టించింది. రెండూ వేర్వేరు పద్దులు. నీకు రావాల్సింది గట్టిగా అడుగు, వాళ్లకి ఇవ్వాల్సింది ఇచ్చెయ్. ఒకదాంట్లోంచి ఇంకోటి నీకు నువ్వే కోసుకుంటే ఆ లెక్క ఎవరు చూస్తారు?

పాత క్యాషియర్:
కట్టాలనుకుంటే ఎలా కట్టాలో కూడా చెప్పేస్తాను. ఆ కౌంటరు దగ్గరికే వెళ్లి పదిమందిలో "మీరు నెయ్యి కొట్టడం మర్చిపోయారు" అనకండి. డబ్బులు కట్టింది మీరు, తిట్లు తినేది ఆ పిల్ల అవుతుంది. ర్యాకులోంచి అలాంటి డబ్బానే ఒకటి తీసుకుని ఏదో ఒక కౌంటర్లో మామూలుగా బిల్లు వేయించుకోండి. తర్వాత కస్టమర్ డెస్కులో పాత బిల్లు, కొత్త బిల్లు చూపించి, ఇది ఆదివారం పడనిదండీ అని డబ్బా అక్కడ పెట్టేయండి. సిస్టమ్‌లో రెండు అమ్మినట్టు, స్టాకులో రెండు తగ్గినట్టు లెక్క సరిపోతుంది. ఎవరు మర్చిపోయారని అడిగితే గుర్తులేదనండి. పాత బిల్లు మీద కౌంటరు నంబరు ఉంటుంది, అటు వేలు పెట్టి పట్టుకుంటే సరి.

వరంగల్ పిల్ల:
నిజాయితీగా ఉండటానికి కూడా ఇంత ప్లానా అక్కా!

కూకట్‌పల్లి వాసి:
వెళ్లొచ్చాను. క్యాషియర్ అక్క చెప్పినట్టే చేశాను, కౌంటరు నంబరు మీద బొటనవేలు కూడా పెట్టాను. డెస్కులో అబ్బాయి ఒక క్షణం అర్థంకానట్టు చూసి, డబ్బా తీసుకుని థ్యాంక్స్ సార్ అన్నాడు. రెండు నిమిషాల్లో అయిపోయింది.

తర్వాత అదే బిల్లు మీద కందిపప్పు చూపించి నా పదహారు అడిగాను. ఫోన్లో ర్యాకు చీటీ ఫొటో తీసి ఉంచాను, అప్పటికీ 189 అనే ఉంది. ముందు అది పాత ఆఫరన్నాడు. సిస్టమ్‌లో రీఫండ్ ఆప్షన్ లేదన్నాడు. సూపర్‌వైజర్ రావాలన్నాడు, ఆయన భోజనానికి వెళ్లాడన్నాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చివరికి మేనేజరే వచ్చి ఇచ్చాడు, చీటీ కూడా నా ముందే పీకించాడు.

సీమ కుర్రాడు:
చూశారా? నేను చెప్పిందే! అయినా ఇరవై ఇచ్చి నాలుగు చిల్లర అడిగాడా, సరిగ్గా పదహారే ఇచ్చాడా?

కూకట్‌పల్లి వాసి:
ఇరవై ఇచ్చాడు. నాలుగు రూపాయలు నేను తిరిగిచ్చాను. మా బావమరిదికి ఇంకా చెప్పలేదు.