బెల్‌ఫాస్ట్ ట్రబుల్స్ టూర్: బ్లాక్ ట్యాక్సీ మంచిదా, నడిచే టూరా?

లిఫీగట్టు

అందరికీ నమస్తే. నేను డబ్లిన్‌లో ఉంటాను. జూలైలో అమ్మా నాన్నా వస్తున్నారు, బెల్‌ఫాస్ట్ తీసుకెళ్ళమని నాన్న ఒకటే పోరు. టైటానిక్ మ్యూజియం వద్దట, జెయింట్స్ కాజ్‌వే కూడా వద్దట. ఆయనకి కావాల్సింది ట్రబుల్స్, అంటే నార్తర్న్ ఐర్లాండ్ బ్రిటన్‌లోనే ఉండాలనే లాయలిస్టులకీ, ఐర్లాండ్‌లో కలవాలనే రిపబ్లికన్లకీ మధ్య 60ల చివర్నుంచి 1998 దాకా సాగిన గొడవల చరిత్ర. 1981లో ఐఆర్ఏ (రిపబ్లికన్ల సాయుధ దళం) ఖైదీ బాబీ శాండ్స్ జైల్లో చేసిన నిరాహార దీక్ష వార్తలు రోజూ పేపర్లో చదివేవారట, రిపబ్లికన్ల పేట ఆ ఫాల్స్ రోడ్డు, రెండు పక్షాల పేటల్నీ విడదీసే ఆ గోడ చూడాలి, అక్కడ పుట్టి పెరిగినవాడెవడైనా చెప్తుంటే వినాలి, అదీ ఆయన కోరిక.

నెట్‌లో చూస్తే బ్లాక్ ట్యాక్సీ టూర్లు, నడిచే టూర్లు, మాజీ ఖైదీలే దగ్గరుండి తిప్పే టూర్లు, ఎక్కి దిగే బస్సులు, లెక్కలేనన్ని ఉన్నాయి. రివ్యూల్లో ఒకరు "అద్భుతం" అని రాస్తే దాని కిందే ఇంకొకరు "మొత్తం ఒక పక్షం ప్రచారమే" అని రాశారు. మరీ ఒకవైపే మాట్లాడని గైడ్ ఎక్కడ దొరుకుతాడు? అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేదు. పైగా ఆ వీధుల్లో మనం తిరగడం సేఫేనా అని ఆవిడకి ఇప్పట్నుంచే టెన్షన్. వెళ్ళొచ్చినవాళ్ళు, అక్కడ ఉంటున్నవాళ్ళు కాస్త చెప్పండి.

గోడమీదపిల్లి

బెల్‌ఫాస్ట్‌లోనే ఉంటాను, వచ్చిన చుట్టాలందర్నీ తిప్పే డ్యూటీ నాదే. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులంటే ఇంక ఆలోచించక్కర్లేదు, బ్లాక్ ట్యాక్సీయే.

ఈ ట్యాక్సీలు టూరిస్టుల కోసం పుట్టినవి కావు. 70ల మొదట్లో గొడవలప్పుడు బస్సుల్ని లాక్కెళ్ళి రోడ్డుకి అడ్డంగా పెట్టి తగలబెట్టేవాళ్ళు, దాంతో ఆ పేటలకి బస్సులే ఆగిపోయేవి. అప్పుడు జనం లండన్‌లో వాడేసిన నల్ల ట్యాక్సీలు కొనుక్కొచ్చి, మనిషికింత అని తీసుకుని, ఒకే రోడ్డు మీద అటూ ఇటూ నడిపారు. ఆ తరం డ్రైవర్లలో కొందరు 1998 శాంతి ఒప్పందం తర్వాత టూర్లలోకి వచ్చారు. అందుకే మంచి డ్రైవర్ దొరికితే అతను చెప్పేది చాలావరకు సొంత వీధి కథే.

టూర్ మామూలుగా గంటన్నర ఉంటుంది. ఒక్కోచోట ఆపుతాడు, దిగి చూసి మళ్ళీ ఎక్కడమే. లాయలిస్టుల పేట షాంకిల్ వైపు వాళ్ళ వీరుడు విలియం రాజు బొమ్మలు, లాయలిస్ట్ సాయుధ దళాల బొమ్మలు, 1993లో చేపల కొట్లో ఐఆర్ఏ బాంబు పేలిన చోటు. అటు ఫాల్స్ వైపు రిపబ్లికన్ల పార్టీ షిన్ ఫెయిన్ ఆఫీసు గోడ మీద నవ్వుతున్న బాబీ శాండ్స్ బొమ్మ, మీ నాన్నగారు అక్కడే ఎక్కువసేపు నిలబడతారని నా అంచనా. 66 రోజుల దీక్ష తర్వాత 1981 మే 5న చనిపోయాడు కదా, అంతకు నెల ముందే జైల్లో ఉండగానే ఎంపీగా గెలిచాడన్న సంగతి చాలామందికి తెలీదు.

వీటన్నిటికంటే నేను చూపించేది బాంబే స్ట్రీట్. పేరు చూసి మా చుట్టాలంతా ఒకసారి నవ్వుతారు, కారు దిగాక నవ్వరు. 1969 ఆగస్టులో ఆ వీధిలో ఇళ్ళు తగలబెట్టారు, ఆ మంటల తర్వాతే బ్రిటిష్ సైన్యం రెండు పేటల మధ్య అడ్డుకట్ట వేసింది, తాత్కాలికం అన్నారు, అదే ఇప్పటి గోడ. కిందంతా కాంక్రీటు, దాని మీద ఇనుప రేకు, ఆ పైన ఇంకా ఎత్తుగా జాలీ. ఒక్కో దశలో విసిరేవి ఎంత పైనుంచి వస్తే గోడ అంత పైకి లేచిందన్నమాట. గోడకి ఆనుకుని ఉన్న ఇళ్ళ పెరళ్ళకి పైకప్పు దాకా ఇనుప జాలీ బిగించి ఉంటుంది. లోపల బట్టలు ఆరేసి ఉంటాయి, ప్లాస్టిక్ కుర్చీలు ఉంటాయి. 1998 ఒప్పందం వయసెంతో చూసుకుని, తర్వాత ఆ జాలీ చూడండి. 2023 కల్లా గోడలన్నీ తీసేస్తామని ప్రభుత్వం 2013లో మాటిచ్చింది, ఎక్కువభాగం ఇంకా అక్కడే ఉన్నాయి.

కూపర్ వే దగ్గర గోడ మీద రాయమని డ్రైవర్ మార్కర్ ఇస్తాడు. అందరూ రాస్తారు. నాకైతే ఆ తంతు నచ్చదు, మీ ఇష్టం.

సేఫ్టీ సంగతి: పగటిపూట టూర్‌లో ఎవరూ పట్టించుకోరు, రోజూ వందల మంది వస్తారు. కాకపోతే అంతా బావుందని కూడా చెప్పను, 2024 ఆగస్టులో ఇక్కడ వలసవచ్చినవాళ్ళ కొట్ల మీద దాడులు జరిగాయి. రాత్రిపూట తెలియని పేటల్లో ఊరికే తిరగొద్దు. రెండు పేటల మధ్య రోడ్ల మీద గేట్లుంటాయి, కొన్ని ఇప్పటికీ రాత్రయితే మూసేస్తారు, మ్యాప్‌లో దారి కనిపిస్తోంది కదా అని బయల్దేరితే గేటు దగ్గర ఆగిపోతారు.

పాతపేపరు

పైన చెప్పినదంతా నిజమే కానీ అడిగిన ప్రశ్నకి జవాబు రాలేదు. ఒకవైపే మాట్లాడని గైడ్ కావాలన్నారు. లిఫీగట్టు గారూ, అలాంటివాణ్ణి వెతక్కండి. పశ్చిమ బెల్‌ఫాస్ట్‌లో పెరిగి ఏ వైపూ లేనివాడు దొరకడం కష్టం, దొరికినా వాడు చెప్పేది చప్పగా ఉంటుంది. "రెండువైపులా తప్పులున్నాయి, ఇప్పుడంతా శాంతి, రండి ఫొటో దిగుదాం" అనేదానికి అంతదూరం వెళ్ళడం దేనికి?

నా సలహా, ఇద్దరి దగ్గర వినండి. మాజీ ఖైదీల సంఘాలు నడిపే నడక టూర్లలో కొన్ని అలాగే ఏర్పాటు చేస్తారు. ఫాల్స్ వైపు ఐఆర్ఏ కేసుల్లో జైలుకెళ్ళొచ్చినాయన తిప్పుతాడు, గోడ గేటు దాకా తీసుకొచ్చి అక్కడ వదిలేస్తాడు, అవతల లాయలిస్ట్ మాజీ ఖైదీ ఎదురొచ్చి అందుకుంటాడు. గేటుకి ఇటు "ఆక్రమించిన సైన్యం" అని విన్నవాళ్ళకి, అటు రెండడుగులు వేయగానే అదే సైన్యం "మా కుర్రాళ్ళు" అవుతుంది. ఇటు చెప్పిన తేదీలు అటు చెప్పరు, అటు చెప్పిన పేర్లు ఇటు వినపడవు. ఎవరూ అబద్ధం చెప్తున్నట్టు అనిపించదు, ఎక్కడ మొదలుపెట్టాలో, ఎవరి చావు దగ్గర ఆగాలో మాత్రం ఎవరిది వాళ్ళు ముందే ఎంచుకుని ఉంటారు. నా దృష్టిలో ఆ టూర్‌లో చూడాల్సింది ఆ ఎంపికే.

డివిస్ టవర్ దగ్గర తప్పకుండా పైకి చూడమని నాన్నగారికి చెప్పండి. ఇరవై అంతస్తుల ఇళ్ళ బిల్డింగ్ అది. పై రెండు అంతస్తుల్లో సైన్యం కాపలా పోస్టు ఉండేది, కింద సంసారాలు, పైన హెలికాప్టర్‌లో దిగే సైనికులు. 2005లో గానీ ఖాళీ చేయలేదు.

వెళ్ళేముందు ఒక లెక్క బుర్రలో పెట్టుకుంటే ఏ గైడ్ ఏం దాటేస్తున్నాడో పట్టుకోవచ్చు. మొత్తం చనిపోయినవాళ్ళు 3,500కి పైన. ట్రబుల్స్ రికార్డులు దాచే అల్స్టర్ యూనివర్సిటీ కైన్ ఆర్కైవ్‌లో ఉన్న జాబితా ప్రకారం వాళ్ళలో సగానికి పైగా మామూలు పౌరులు. చంపినవాళ్ళలో రిపబ్లికన్ దళాల వాటా దాదాపు 60 శాతం, లాయలిస్టులది 30 శాతం దగ్గర, సైన్యం పోలీసులది కలిపి 10 శాతం. ఫాల్స్ వైపు గైడ్ ఆ 10 శాతం గురించే గంట మాట్లాడితే ఆశ్చర్యపోకండి. అతనికీ ఒక కారణం ఉంది, మిగతావాళ్ళు జైళ్ళకి పోయారు, యూనిఫాం వేసుకున్నవాళ్ళలో శిక్ష పడినవాళ్ళు చాలా తక్కువ. షాంకిల్ వైపు వాళ్ళు 1993 బాంబు గురించి వివరంగా చెప్తారు, చెప్పాలి కూడా, తొమ్మిది మంది చనిపోయారు, బాంబు తెచ్చినవాళ్ళలో ఒకడు కూడా పోయాడు. కానీ 1971లో మెగర్క్ బార్‌లో లాయలిస్టుల బాంబుకి 15 మంది పోయిన సంగతి అక్కడ ఎవరూ తమంతట తాము ఎత్తరు. మీరే అడగండి.

తడిగొడుగు

నాకు ఈ వ్యవహారమంతా కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, తప్పుగా అనుకోకండి. మనుషుల్ని చంపిన కేసులో శిక్ష అనుభవించినవాడు ఇప్పుడు అదే కథ చెప్పి పౌండ్లు తీసుకుంటుంటే, ఆ చచ్చిపోయినవాళ్ళ చెల్లెలో కొడుకో అదే రోడ్డు మీద కూరగాయలు కొనుక్కుంటూ ఉండొచ్చు కదా. ఒప్పందంలో భాగంగా జైళ్ళలోంచి ముందే వదిలేశారు సరే, వాళ్ళ నోటి నుంచే చరిత్ర వినాలని ఎక్కడుంది? ఇంట్లోవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు నడిపే టూర్లు ఎన్ని కనిపిస్తాయో చూడండి.

ఇంకోటి. ఒక టూర్‌లో గైడ్ రబ్బర్ బుల్లెట్ ఒకటి అందరి చేతికీ ఇచ్చాడు. నల్లగా, జానెడు కంటే కొంచెం తక్కువ పొడవు, అనుకున్నదానికంటే బరువు. చేతిలో పట్టుకున్నప్పుడు నిజంగానే నోట మాట రాలేదు, ఈ రబ్బర్, ప్లాస్టిక్ బుల్లెట్లకి 17 మంది చనిపోయారు, వాళ్ళలో చిన్నపిల్లలూ ఉన్నారు. కానీ నా పక్కనున్నాయన దాంతో సెల్ఫీ దిగాడు. గైడ్ ఏమీ అనలేదు, అలవాటే కాబోలు.

పాతపేపరు

తడిగొడుగు గారూ, సెల్ఫీ సంగతి ఒప్పుకుంటాను. మాజీ ఖైదీల సంగతి మాత్రం పూర్తిగా ఒప్పుకోను. వాళ్ళు చెప్పకపోతే చెప్పేది ఎవరు, టూర్ కంపెనీ స్క్రిప్టు బట్టీ పట్టిన కుర్రాడు. "ఎందుకు చేశావు" అని ఎదురుగా అడగగలిగింది వీళ్ళనే. జవాబు నచ్చాలని లేదు. నేను అడిగినప్పుడు ఒకాయన చాలాసేపు ఏవో కారణాలు చెప్పి, చివర్లో "అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు" అని ఆగిపోయాడు, అది ఒప్పుకోలో సాకో నాకిప్పటికీ అర్థం కాలేదు. బాధితుల మాట వినిపించడం లేదన్నది మాత్రం నిజం. దానికి అల్స్టర్ మ్యూజియంలో ట్రబుల్స్ గ్యాలరీ కొంత మేలు, టికెట్ కూడా లేదు, కూర్చోడానికి బెంచీలున్నాయి కాబట్టి అమ్మగారికీ ఇబ్బంది ఉండదు. సిటీ హాల్ ఎదురుగా లినెన్ హాల్ లైబ్రరీలో అప్పటి పోస్టర్లు, కరపత్రాలు 1968 నుంచి అన్ని పక్షాలవీ పోగుచేశారు. పేపర్లు చదివే అలవాటున్న మనిషిని అక్కడికి తీసుకెళ్తే బయటికి రప్పించడం మీ పని.

గోడమీదపిల్లి

జైలు మర్చిపోయారు. క్రమ్లిన్ రోడ్ జైలు, 1996లో మూసేశారు, ఇప్పుడు టికెట్ కొని చూడొచ్చు. రోడ్డుకి అవతలున్న కోర్టుకి కింద నుంచి సొరంగం ఉంది, ఖైదీల్ని అందులోంచే తీసుకెళ్ళేవాళ్ళు. ఉరి తీసిన గది కూడా చూపిస్తారు, అమ్మగారికి ముందే చెప్పండి. ఒక వింగ్‌లో ఇప్పుడు విస్కీ తయారవుతోంది, బెల్‌ఫాస్ట్‌లో ఏదీ ఊరికే పోనివ్వరు.

లిఫీగట్టు

చాలా థాంక్స్ అందరికీ, ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు. నాన్నకి చదివి వినిపించాను, "ఇద్దరి దగ్గరా వినాలి" అన్నది ఆయనకి తెగ నచ్చింది. మొదటిరోజు ట్యాక్సీలో ముగ్గురం, రెండోరోజు అమ్మని మ్యూజియంలో కూర్చోబెట్టి మేమిద్దరం నడక టూర్, ఇదీ ప్లాన్. జూలై 11, 12 అనుకుంటున్నాం, వీకెండ్ కలిసొస్తుంది. బోర్డర్ దగ్గర చెకింగ్ ఏమీ ఉండదు కదా, నా ఐఆర్‌పీ (ఐరిష్ రెసిడెన్స్ పర్మిట్) కార్డు చాలా?

ఎర్రబస్సు

ఆగండాగండి, తేదీలూ, వీసా ఆలోచనా రెండూ మార్చుకోవాలి.

జూలై 12 అంటే 1690లో విలియం రాజు గెలిచిన బాయిన్ యుద్ధం పేరుతో లాయలిస్టుల వైపు జరిగే ఆరెంజ్ ఊరేగింపుల రోజు. అంతకు ముందురాత్రి లాయలిస్ట్ పేటల్లో చెక్క ప్యాలెట్లు మేడల ఎత్తు పేర్చి మంటలు వేస్తారు. ఆ రెండ్రోజులూ రోడ్లు మూసేస్తారు, చాలా కొట్లు తెరవరు, టూర్లు కొన్ని ఉండవు, ఉన్నా దారి మార్చేస్తారు. చూడ్డానికి కొందరు కావాలనే వస్తారు గానీ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళతో, మొదటిసారి, వద్దు. నెలాఖరుకి జరుపుకోండి.

ఇంక వీసా. బోర్డర్‌లో గేటూ లేదు, చెక్‌పోస్టూ లేదు, రోడ్డు బోర్డుల మీద కిలోమీటర్లు మైళ్ళయితే దాటేశారని అర్థం. అంతమాత్రాన వెళ్ళొచ్చని కాదు. నార్తర్న్ ఐర్లాండ్ యూకే కిందికి వస్తుంది, ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ఐఆర్‌పీ ఒక్కటే ఉంటే సరిపోదు, యూకే వీసా కావాల్సిందే. బస్సుల్లో, రైళ్ళలో అప్పుడప్పుడూ అడుగుతారు. అడగలేదని ఎవరో చెప్తే నమ్మి వెళ్ళి దొరికితే తర్వాత వీసాలకి తలనొప్పి. అదే మీ అమ్మానాన్నల ఐరిష్ విజిట్ వీసా మీద బీఐవీఎస్ (బ్రిటిష్ ఐరిష్ వీసా స్కీమ్) అని రాసి ఉంటే, ముందు డబ్లిన్‌లో దిగి తర్వాత వాళ్ళు దర్జాగా బెల్‌ఫాస్ట్ వెళ్ళొచ్చు. వీసా స్టిక్కర్ మీద ఆ అక్షరాలున్నాయో లేదో చూడమనండి.

లిఫీగట్టు

అంటే వాళ్ళు వెళ్ళొచ్చు, ఇక్కడే ఉన్న నేను వెళ్ళకూడదు! ఇప్పుడే నాన్నకి ఫోన్ చేశాను, స్టిక్కర్ మీద బీఐవీఎస్ ఉందట. "నువ్వు రాకపోయినా పర్లేదు, రైలెక్కించు చాలు" అంటున్నారు. యూకే వీసాకి ఈ వారమే అప్లై చేస్తున్నా, నెలాఖరుకి రాకపోతే డబ్లిన్ కొనలీ స్టేషన్‌లో వాళ్ళిద్దర్నీ రైలెక్కిస్తాను. గోడమీదపిల్లి గారూ, అదే జరిగితే గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో దింపుకుని ట్యాక్సీ ఎక్కించగలరా? ఏ విషయం మెసేజ్ పెడతాను.

గోడమీదపిల్లి

తప్పకుండా పెట్టండి, వీకెండ్ అయితే నేనే వస్తాను. ఒక్కటి గుర్తుంచుకోండి, యూరోలు కాకుండా పౌండ్లు ఇచ్చి పంపండి. ఇక్కడి బ్యాంకుల నోట్లు వేరేగా ఉంటాయి, చిల్లరగా అవే వస్తాయి, దొంగనోట్లని నాన్నగారు గొడవ పెట్టుకోకుండా ముందే చెప్పండి.