అప్‌డేట్: మానుతున్న పుండుపై నొప్పి మందుల ప్రభావం

కడుపును తక్కువగా గాయపరుస్తాయని పేరున్న కాక్స్-2 అనే ఎంజైమును అడ్డుకునే నొప్పి మందులు, ఎలుకల్లో అప్పటికే ఏర్పడిన పుండు మానడాన్ని ఎందుకు ఆలస్యం చేస్తాయని కిందటి నెల ఇక్కడ అడిగాను. ఓపికగా సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. పుండు పుట్టడాన్నీ మానడాన్నీ ఒకే ప్రశ్నగా చూడటమే నా పొరపాటు.

ఆరోగ్యంగా ఉన్న జీర్ణాశయపు లోపొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు ప్రధానంగా కాక్స్-1 అనే మరో ఎంజైము ద్వారా తయారవుతాయి. అయితే ఎలుక జీర్ణాశయపు గోడకు అసిటిక్ ఆమ్లం తాకించి పుండు కలిగించినప్పుడు, దాని అంచుల్లో కాక్స్-2 బాగా పెరిగి, అక్కడ తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్ ఇ2 కణ విభజనకూ కొత్త రక్తనాళాల పెరుగుదలకూ తోడ్పడుతుంది. ఇండోమెథాసిన్ అనే నొప్పి మందు ఈ రెండు ఎంజైములనూ అడ్డుకుంటుంది కనుక పుండును పుట్టించనూగలదు, మాననివ్వకుండా ఆపనూగలదు. సెలికాక్సిబ్ వంటి కాక్స్-2 నిరోధకాలు మొదటి హాని అంతగా చేయకపోయినా రెండవది చేస్తాయి. ప్రోస్టాగ్లాండిన్ ఇ2ను పోలిన మందును బయటినుంచి ఇస్తే ఆ ఆలస్యం తగ్గడం నాకు అన్నిటికంటే బలమైన ఆధారంగా తోచింది.

అందుకే శస్త్రచికిత్స తరువాత ఎలుకలకు కాక్స్-2ను ఎక్కువగా అడ్డుకునే మెలాక్సికామ్ బదులు, ఈ ఎంజైములను అడ్డుకోని ఓపియాయిడ్ (నల్లమందు తరహా) నొప్పి మందు బుప్రెనార్ఫిన్ ఇవ్వాలని ప్రణాళిక మార్చి, మా సంస్థ జంతు నైతిక కమిటీకి పంపాము. నొప్పి తగ్గించకుండా వదిలేయడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. బుప్రెనార్ఫిన్ జీర్ణాశయపు కదలికలను నెమ్మదింపజేయగలదు కాబట్టి, పోల్చి చూసే గుంపుకూ అదే మోతాదు ఇస్తాము.