అమ్మతో అంగ్‌కోర్: క్బాల్ స్పియన్ ఎక్కగలమా?

డిసెంబరులో అమ్మని తీసుకుని కంబోడియాలోని సియెమ్ రీప్ వెళ్తున్నామండీ. అంగ్‌కోర్ గుళ్లు చూడటానికి 62 డాలర్ల మూడు రోజుల పాస్ తీసుకుంటాం. పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు కాబట్టి మధ్యలో ఆమెకి విశ్రాంతి దొరుకుతుంది. మోకాళ్ల నొప్పులు మరి.

అంగ్‌కోర్ వాట్‌లో పైఅంతస్తు మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి, చీరతో అవి వద్దనేశాను. కింది గ్యాలరీలో క్షీరసాగర మథనం శిల్పాలు చూస్తే చాలంది. బాంతే స్రై చిన్న గుడే, ఇబ్బంది లేదు.

టెన్షనంతా క్బాల్ స్పియన్ గురించే. ఏటి అడుగున రాతిలో చెక్కిన శివలింగాలు చూడాల్సిందేనని పట్టుబట్టింది. అడవిలో దాదాపు కిలోమీటరున్నర ఎక్కాలి. పెద్దవాళ్లతో ఎవరైనా వెళ్లారా? దారిలో కాసేపు కూర్చోవడానికి చోటుంటుందా? డిసెంబరులో లింగాల మీద నీళ్లు పారుతుంటాయా?