పంచుకున్నయా, పొత్తుల పెట్టుకున్నయా?

దేవరకొండ దిక్కు బడి సారు:

పదో తరగతికి రసాయన బంధం పాఠం నడుస్తున్నది. బోర్డు మీద రెండు క్లోరిన్ పరమాణువులు గీసిన. క్లోరిన్ ఎలక్ట్రాన్ విన్యాసం, అంటే కేంద్రకం చుట్టు ఒక్కో కర్పరంల (వరుసల) ఎన్ని ఎలక్ట్రాన్లున్నయన్న లెక్క, 2, 8, 7 కదా, ఒక్కోదాని చివరి కర్పరంల ఏడేడు. ఆ చివరి కర్పరంల ఎనిమిది ఉంటే నిండినట్టు. ఎడమదానికి చుక్కలు, కుడిదానికి ఇంటూ గుర్తులు. నడుమ ఒక చుక్క, ఒక ఇంటూ పక్కపక్కన పెట్టి, ఎప్పుడూ చెప్పే మాటే చెప్పిన: రెండు పరమాణువులు ఒక ఎలక్ట్రాన్ జంటను పంచుకుంటాయి, రెండింటికీ ఎనిమిది పూర్తయితయి.

చివరి బెంచి పిల్లగాడు లేసిండు. "సార్, చెరొకటి ఏసి మల్ల చెరొకటి పంచుకుంటే ఎవలది వాళ్ళకే వచ్చె. ఏడు ఏడే ఉండె. ఎనిమిది ఎట్లయితయి?"

క్లాసంత నవ్విండ్రు. కూసో అన్న. ఇంటికొచ్చినంక నిద్ర పట్టలే. వాని లెక్కల తప్పేమున్నది? మన దిక్కు అన్నదమ్ములు పంచుకున్నరంటే గట్టు పడ్డట్టే. పొలం పంచుకున్నరు, గిన్నెలు పంచుకున్నరు, ఆఖరికి అమ్మను చెరో ఆరు నెలలు పంచుకున్నరు. పంచుకునుడంటే విడగొట్టుడు. ఇక్కడ జరిగేది దానికి పూర్తిగా ఉల్టా. ఇన్నేండ్లు ఈ మాట ఎట్ల చెప్పిన్నో నాకే అర్థమైతలేదు. మీ దగ్గర దీనికి ఏమన్న మంచి మాట ఉన్నదా?

మిర్యాలగూడ నుంచి:

సారూ, పంచుకోవడానికి ఇంకో అర్థం కూడా ఉంది కదా. బాధ పంచుకున్నాం, సంతోషం పంచుకున్నాం అంటాం. అక్కడ ఎవరూ సగం సగం చేసుకోరు. పుస్తకం రాసినవాళ్ళు ఆ అర్థంలోనే వాడి ఉంటారు.

దేవరకొండ దిక్కు బడి సారు:

నిజమే మేడమ్. కాని బాధను లెక్కపెట్టరు. ఎలక్ట్రాన్లను లెక్కపెడ్తరు. లెక్క పెట్టే వస్తువు పక్కన పంచుకునుడు అనంగనే పిల్లల మనసు భాగహారం దిక్కు పోతది.

నాగర్‌కర్నూల్ నుంచి:

పొత్తు. ఇంక వెతుకుడెందుకు? మా నాయన, మా చిన్నాయన వేరు పడ్డనాడు భూమిని తాడేసి కొలిచి పంచుకున్నరు. బాయిని మాత్రం పంచుకోలే, పొత్తుల ఉంచిండ్రు. నడుమల గోడ కడ్తరా బాయికి? ఒకనాడు మావోళ్ళు పారించుకుంటరు, ఒకనాడు వాళ్ళు. ఎవలన్న వచ్చి "మీకు బాయున్నదా" అని మా నాయననడిగితే "ఉన్నది" అంటడు, అర బాయి ఉన్నదనడు. చిన్నాయననడిగినా గంతే. ఇద్దరి నోటి లెక్క కలిపితే రెండు బాయిలు. చెలక కాడికి పోయి చూస్తే ఒక్కటే.

మీ పిల్లగాని ప్రశ్నకు జవాబు ఇండ్లనే ఉన్నది సార్. క్లోరిన్ అణువుల చివరి కర్పరం ఎలక్ట్రాన్లు మొత్తం 14. ఎడమదాని దిక్కు నుంచి లెక్కపెడితే 8, కుడిదాని దిక్కు నుంచి లెక్కపెడితే 8. కలిపితే 16 రావాలె, రాదు. నడుమనున్న రెండిటిని ఇద్దరూ తమ లెక్కల రాసుకున్నరు. పొత్తుల బాయి లెక్క.

సూర్యాపేట నుంచి, తెలుగు లెక్చరర్‌గా రిటైరైన పెద్దమనిషి:

మాట బాగుంది. నిఘంటువుల్లో కూడా పొత్తు అంటే స్నేహం, కలయిక, కలిసి భోంచేయడం. పొత్తుగుడుపు అంటే ఒక్కచోట కూర్చుని తినడం. అయితే రెండు ఇబ్బందులు. ఇప్పటి పిల్లలు పొత్తు అనగానే టీవీలో ఎన్నికల పొత్తు అనుకుంటారు. రెండోది, "పొత్తుల మగడు పుచ్చి చచ్చె" అని మన సామెతే ఉంది. పొత్తు మీద మనవాళ్ళకు అంత నమ్మకం లేదు మరి.

ఇక ఈ బంధానికి పుస్తకాల్లో కనిపించే పేరు చూడండి. కొన్నిచోట్ల సంయోజనీయ, కొన్నిచోట్ల సమయోజనీయ. సున్నా ఉంటే ‘కలిసి’ అని అర్థం, సంయోగంలో ఉన్న ‘సం’ అదే. సున్నా పోతే ‘సమానంగా’ అవుతుంది. దీనికి ఇంగ్లీషులో ఉన్న కోవలెన్స్ అనే మాటను 1919లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త తెచ్చాడు. అందులో ‘కో’ అంటే కలిసి. హిందీవాళ్ళు సహసంయోజక అని ‘సహ’ పెట్టుకున్నారు. ఒక్క సున్నా దగ్గర మనం అర్థాన్ని జారవిడిచామేమోనని నా అనుమానం.

మహబూబ్‌నగర్ నుంచి, జూనియర్ కాలేజీల కెమిస్ట్రీ చెప్పేటాయన:

సున్నా సంగతిల సారుతోటి కలుస్త. ‘సమ’ అని చదివిన పిల్లలు హైడ్రోజన్ క్లోరైడ్ కాడికి వచ్చేసరికి తడబడ్తరు. అక్కడ జంట పొత్తులదే గని సమానం గాదు. రుణవిద్యుదాత్మకత, అంటే బంధంల ఉన్న ఎలక్ట్రాన్లను తన దిక్కు గుంజుకునే గుణం, క్లోరిన్‌ది 3.16, హైడ్రోజన్‌ది 2.20. జంట క్లోరిన్ దిక్కు ఒరుగుతది. పొత్తుల బాయి మీద ఒకడు ఐదు హార్స్‌పవర్ మోటరు, ఇంకొకడు ఒక హార్స్‌పవర్ మోటరు పెట్టిండనుకోండ్రి. బాయి ఇద్దరిదే, నీళ్ళు ఎటు ఎక్కువ పోతయో అందరికెరుకే.

అమ్మోనియాకు హైడ్రోజన్ అయాన్ (ఛార్జి ఉన్న హైడ్రోజన్) కలిస్తే వచ్చే అమ్మోనియం అయాన్ కూడ ఇండ్లనే పడ్తది. అమ్మోనియాల నైట్రోజన్ కాడ ఒక ఒంటరి జంట, అంటే ఏ బంధంల లేని ఎలక్ట్రాన్ జంట, ఉంటది. హైడ్రోజన్ అయాన్ ఒట్టి చేతులతోటి వస్తది, దాని కాడ ఒక్క ఎలక్ట్రాన్ లేదు. జంట రెండూ నైట్రోజన్‌వే, వాడుక ఇద్దరిది. బాయి అన్న పట్టాల ఉన్నా తమ్మునికి నీళ్ళ హక్కు ఉన్నట్టు.

ఇంకో మాట. బోర్డు మీద చుక్కలు, ఇంటూలు మనం గీసుకునేటివే. బంధం పడ్డంక ఏ ఎలక్ట్రాన్ ఎవలదో చెప్పే గుర్తేమీ ఉండది. బాయిల నీళ్ళు తూర్పు ఊటయా పడమటి ఊటయా అని బొక్కెన చూసి చెప్తరా? జంటతోటి బంధం పడ్తదన్న ఊహను 1916ల పెట్టిన అమెరికా శాస్త్రవేత్త లూయిస్ గూడ చుక్కలే వాడిండు. కాకపోతే బాయి పోలికతోటి ఒక్కటి రాదు: అసలు ఆ రెంటినీ పట్టి ఉంచేదేంది? నడుమనున్న జంటను రెండు కేంద్రకాలూ గుంజుతయి, ఆ గుంజుడే బంధం. అన్నదమ్ములను బాయి గట్ల పట్టి ఉంచుతదని చెప్పలేం, మా ఊర్ల అయితే బాయి కాడనే తలలు పగిలినయి.

మర్రిగూడ నుంచి ఒక అక్క:

బాయి ముచ్చట వచ్చింది కాబట్టి అడుగుతున్న. మా దిక్కు అందరం ‘ఫ్లోరిన్ నీళ్ళు’ అంటం. మా మేనత్త నడుము వంగిపోయిందంటే ఫ్లోరిన్ అనే అన్నరు. మా బిడ్డ మొన్న "అమ్మా, ఫ్లోరిన్ గాదు, ఫ్లోరైడ్" అని దిద్దింది. ఒక అక్షరం తేడాకు ఇంత పట్టింపా?

మహబూబ్‌నగర్ నుంచి, జూనియర్ కాలేజీల కెమిస్ట్రీ చెప్పేటాయన:

అక్కా, మీ బిడ్డ చెప్పింది కరెక్ట్. ఒక ఎలక్ట్రాన్ తేడా అది. ఫ్లోరిన్ 2, 7. అది లేత పసుపు వాయువు, నీళ్ళు తాకితే ఊకోదు, వాటితోనే చర్య జరుపుతది, గందుకే బాయిల ఫ్లోరిన్‌గ ఉండలేదు. ఒక ఎలక్ట్రాన్ దొరికి 2, 8 అయితే ఫ్లోరైడ్. మన నేల కింద గ్రానైట్ల ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలుంటయి, వాటిలనుంచి ఏండ్ల తరబడి నీళ్ళలకు దిగేది ఈ ఫ్లోరైడే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు తాగొద్దంటరు. ఫ్లోరైడ్‌కు కాల్షియం మీద మోజెక్కువ, గందుకే పండ్ల మీద, బొక్కల మీద పడ్తది. పటిక, సున్నం ఏసి దాన్ని నీళ్ళలకెల్లి దించే పద్ధతికి నాగ్‌పూర్ల ఉన్న నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ పెట్టిన పేరు ‘నల్లగొండ టెక్నిక్’. మీ జిల్లా పేరు కెమిస్ట్రీ పుస్తకాలల్ల చేరింది, గా తీరుగ.

ముచ్చట మాటల మీద కాబట్టి: ఫ్లోరిన్ ఇంకో ఫ్లోరిన్‌తోటి కలిస్తే పొత్తే. కాల్షియంతోటి మాత్రం పొత్తు పెట్టుకోదు, గుంజుకుంటది.

మర్రిగూడ నుంచి ఒక అక్క:

గుంజుకున్నదన్నది సరిగ్గనే చెప్పిండ్రు. ఊర్ల వాళ్ళు ఫ్లోరిన్ అనుడు మాత్రం మానరు గని, బిడ్డకు తప్పు ఒప్పుకుంట.

దేవరకొండ దిక్కు బడి సారు:

అందరికీ దండాలు. ఇయ్యాల క్లాసుల పంచుకునుడు మాట తీసేసిన. "జంటను పొత్తుల పెట్టుకుంటయి, ఇద్దరూ తమ లెక్కల రాసుకుంటరు" అని చెప్పిన, బాయి బొమ్మ గీసిన. పరీక్షల మాత్రం పుస్తకంల మాటే రాయండ్రని గూడ చెప్పిన, దిద్దేటాయన ఏ ఊరాయనో మనకెరుక లేదు. పోయిన యూనిట్ టెస్టుల ఒక ఆడపిల్ల ‘కలిపి ఉంచుకుంటయి’ అని రాస్తే నేనే మార్కు కోసిన. ఇయ్యాల పేపరు తెప్పించి మార్కు కలిపిన.

చివరి బెంచి వాడు ఈసారి కూసున్న కాడనుంచే అడిగిండు. "సార్, సోడియం 2, 8, 1 కద. దానికున్న ఒక్కటి క్లోరిన్‌కు ఇచ్చేస్తదంటిరి. అంటే బాయి అమ్ముకున్నట్టా?"

అమ్ముకున్నట్టే రా అన్న.

"పైసలెన్ని వచ్చె మరి?"

పైసలేం రాలే గని, చివరిది పోతే లోపల ఎనిమిది నిండుగ ఉన్న కర్పరం బయటపడ్డదని చెప్పిన. వాడు కాసేపు ఆలోచించి "బోరు పోయినా ఇల్లు మిగిలింది" అన్నడు.